డాక్టరు ఎమ్మెల్యే అయితే: ప్రాక్టీసు, ఆరోగ్యశ్రీ, సిఫారసు లేఖ

తెలంగాణలో 2023 ఎన్నికలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికలు అయ్యాక రెండు శాసనసభల్లోనూ డాక్టర్లు బాగానే కనిపిస్తున్నారు. జగిత్యాలలో కంటి వైద్యుడు సంజయ్ కుమార్, నారాయణపేటలో చిట్టెం పర్ణికారెడ్డి, సిర్పూరులో పాల్వాయి హరీశ్‌బాబు, భద్రాచలంలో తెల్లం వెంకట్రావు. అటు నరసరావుపేటలో చదలవాడ అరవిందబాబు, కొండపిలో డోలా శ్రీ బాల వీరాంజనేయస్వామి. వాళ్ల నియోజకవర్గాల్లోనే కాదు, ఇంకెక్కడైనా డాక్టరు గెలిచిన వెంటనే జనం అడిగే ప్రశ్నలు అవే. ఎమ్మెల్యే జీతం తీసుకుంటూ క్లినిక్ నడపొచ్చా? సొంత ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ ఉంటే పదవి పోదా? సర్కారు దవాఖానాలో ఆపరేషన్ చేస్తే తప్పా?

ఈ ప్రశ్నలు చిక్కుపడడానికి కారణం ఉంది. డాక్టరు ఉద్యోగం, డాక్టరు వృత్తి, ఆసుపత్రి వ్యాపారం, మంత్రి పదవి అనే నాలుగింటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. చట్టం మాత్రం ఒక్కోదాన్ని ఒక్కోలా చూస్తుంది. ఉద్యోగాన్ని గట్టిగా ఆపుతుంది, వృత్తి జోలికి దాదాపు పోదు, వ్యాపారాన్ని సగమే చూస్తుంది. మంత్రి విషయంలో ఉన్నది చట్టం కూడా కాదు, ఒక నియమావళి.

ఉద్యోగం: జీతం వచ్చే కుర్చీతోనే పేచీ

శాసనసభకు పోటీ చేయాలంటే భారత పౌరుడై ఉండాలి, 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఎక్కడైనా ఓటరై ఉండాలి. ఎంబీబీఎస్ ఉందా లేదా అన్నది చట్టానికి పట్టదు. అడ్డొచ్చేది రాజ్యాంగం 191వ అధికరణ. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు శాసనసభ్యులు కాకూడదని అది చెబుతుంది. ప్రభుత్వం నియమించి, జీతమిచ్చి, కావాలంటే తీసేయగల పదవి ఏదైనా ఈ లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది. జయా బచ్చన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇంకో మాట స్పష్టం చేసింది. డబ్బు నిజంగా తీసుకున్నారా లేదా అన్నది ముఖ్యం కాదు, ఆ పదవికి డబ్బు వచ్చే వీలుంటే చాలు.

కాబట్టి పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు, ఏరియా ఆసుపత్రి సర్జన్, ప్రభుత్వ వైద్య కళాశాల ప్రొఫెసర్ ఉద్యోగంలో ఉంటూ పోటీ చేయలేరు. ప్రభుత్వోద్యోగి రాజకీయాల్లో పాల్గొనరాదని ప్రవర్తనా నియమాలు కూడా చెబుతాయి. కాంట్రాక్టు మీద పనిచేసే డాక్టరు కూడా తనది పర్మినెంటు ఉద్యోగం కాదు కదా అని ధీమాగా ఉండలేరు. సొంత క్లినిక్ ఉన్న ప్రైవేటు డాక్టరుకు ఈ బాధ లేదు.

అసలు ప్రమాదం తేదీల దగ్గర వస్తుంది. అర్హత చూసేది నామినేషన్ వేసిన రోజున కాదు, నామినేషన్ల పరిశీలనకు నిర్ణయించిన రోజున. ఆ రోజుకు రాజీనామా ఇచ్చి ఉంటే చాలదు, ప్రభుత్వం దాన్ని ఆమోదించి ఉండాలి. 2023 తెలంగాణ ఎన్నికల తేదీలతో లెక్క వేసి చూద్దాం. షెడ్యూలు అక్టోబరు 9న వచ్చింది. నోటిఫికేషన్ నవంబరు 3న, నామినేషన్లకు ఆఖరు తేదీ 10, పరిశీలన 13, ఉపసంహరణ 15, పోలింగ్ 30. షెడ్యూలు వచ్చాక రాజీనామా రాసిన డాక్టరుకు పరిశీలన నాటికి మిగిలేది 35 రోజులు. ఆ 35 రోజుల్లో కాగితం సూపరింటెండెంటు దగ్గర మొదలై, జిల్లా అధికారి మీదుగా, ఆమోదించే అధికారం ఉన్నవారి బల్ల దాకా వెళ్లాలి. బకాయిలు లేవన్న ధ్రువీకరణ కావాలి. శాఖాపరమైన విచారణ ఏదైనా పెండింగులో ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. సర్వీసు కోటాలో పీజీ చేసి, ఇన్నేళ్లు పనిచేస్తానని బాండు రాసిచ్చినవారైతే ఆ సొమ్ము కట్టాలి.

20 ఏళ్ల సర్వీసు దాటినవారికి స్వచ్ఛంద పదవీ విరమణ అనే మెరుగైన దారి ఉంది. రాజీనామా చేస్తే గత సర్వీసంతా పోయి పింఛను రాదు, స్వచ్ఛంద విరమణలో పింఛను నిలుస్తుంది. అయితే దీనికి 3 నెలల నోటీసు ఇవ్వాలి. పై లెక్కలో నవంబరు 13కు 3 నెలల ముందంటే ఆగస్టు 13. అప్పటికి షెడ్యూలు రాదు, చాలా పార్టీల్లో టికెట్ సంగతీ తేలదు. టికెట్ వస్తుందో రాదో తెలియకుండా ఉద్యోగం వదులుకోవడమే ప్రభుత్వ డాక్టరు వేయాల్సిన మొదటి అడుగు. రాజకీయాల్లోకి వచ్చిన డాక్టర్లలో సొంత ఆసుపత్రి ఉన్నవాళ్లే ఎక్కువగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

రాజస్థాన్‌లో 2023 ఎన్నికలప్పుడు హైకోర్టు ఒక ప్రభుత్వ డాక్టరు విషయంలో భిన్నమైన దారి తొక్కింది. పోటీకి వీలుగా రిలీవ్ చేయమని, ఓడిపోతే తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించింది. సామాన్య పౌరుడికున్న హక్కు డాక్టరుకూ ఉండాలని, పల్లెలకు డాక్టర్లే కరువు కాబట్టి వాళ్లను పోగొట్టుకోకూడదని దీన్ని మెచ్చుకునేవారి వాదన. పార్టీ జెండా పట్టుకుని ఓడిన మనిషి మర్నాడు అదే ఓపీలో కూర్చుంటే అవతలి పార్టీ రోగికి నమ్మకం ఎలా కుదురుతుందన్నది ఎదుటి వాదన. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఇది మామూలు పద్ధతి కాదు.

పరిశీలనలో పొరపాటున నామినేషన్ దాటిపోయినా గండం గడిచినట్టు కాదు. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఓడిన అభ్యర్థి గానీ ఓటరు గానీ హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. పరిశీలన రోజుకు అనర్హుడని రుజువైతే ఎన్నిక చెల్లదు.

వృత్తి: గెలిచాక రోగులను చూడొచ్చా?

చూడొచ్చు. ఎమ్మెల్యే వైద్యం చేయకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. లాయర్ల విషయంలో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టసభ సభ్యులు జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగులు కారని, వాళ్లు వకాల్తా పుచ్చుకోవచ్చని 2018 సెప్టెంబరులో కోర్టు తేల్చింది. డాక్టర్ల గురించి నేరుగా అలాంటి తీర్పు అవసరం కూడా పడలేదు. పశ్చిమ బెంగాల్‌ను 1948 నుంచి 1962 దాకా ఏలిన బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉంటూనే పొద్దున్నే రోగులను ఉచితంగా చూసేవారు.

పదవి వచ్చినా వైద్య మండలి నిబంధనలు మాత్రం వదలవు. 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలే ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. వాటి స్థానంలో 2023లో తెచ్చిన కొత్తవాటిని అదే ఏడాది ఆగస్టులో పక్కన పెట్టారు. 5 ఏళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్య పూర్తి చేయాలి, రిజిస్ట్రేషన్‌కు కాలం చెల్లకుండా చూసుకోవాలి. నియోజకవర్గంలో తిరుగుడుతో తీరిక దొరకని ఎమ్మెల్యేకు ఇది సులువుగా చేజారిపోయే విషయం.

ఇంకో చిక్కు సర్టిఫికెట్లది. ఎమ్మెల్యే ఇంటికి పొద్దున్నే వచ్చే జనంలో, డాక్టరే కదా ఒక సిక్ సర్టిఫికెట్ రాసివ్వండన్నా అని అడిగే కార్యకర్త తప్పకుండా ఉంటాడు. నిబంధనల ప్రకారం డాక్టరు ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ రిజిస్టరులో ఎక్కించాలి, నకలు దాచాలి, రోగి సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలి, చిరునామాతో పాటు కనీసం ఒక పుట్టుమచ్చ రాయాలి. చూడని రోగికి రాసిస్తే అది తప్పుడు సర్టిఫికెట్, వైద్య మండలి రిజిస్ట్రేషన్‌ను కొంతకాలం నిలిపేయగల దుష్ప్రవర్తన. మామూలు ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద ఏది రాసినా అది మాటసాయమే. డాక్టరు ఎమ్మెల్యే ప్రిస్క్రిప్షన్ కాగితం మీద రాస్తే అది సాక్ష్యమవుతుంది.

ప్రచారం కూడా అంతే. రోగులను రాబట్టుకునేందుకు డాక్టరు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి ఫొటో పక్కనే ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు వేస్తే అది రాజకీయ ఫ్లెక్సీనా, ఆసుపత్రి ప్రకటనా అన్న ప్రశ్న వస్తుంది. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు పెట్టే ఉచిత వైద్య శిబిరంలో పంచిన మందులైతే ఓటర్లకు ప్రలోభం కిందకు రావచ్చు.

సర్కారు దవాఖానాలో కత్తి పట్టుకుంటే

ఏరియా ఆసుపత్రిలో సర్జన్ సెలవులో ఉన్నారు, గర్భిణికి అత్యవసరంగా సిజేరియన్ చేయాలి, ఎమ్మెల్యే గైనకాలజిస్టు అనుకుందాం. ఆమె చేయొచ్చా? డాక్టరుగా ఆమెకు ఆ అర్హత ఉంది. కానీ ఆ ఆసుపత్రిలో ఆమె ఉద్యోగి కాదు, డ్యూటీ జాబితాలో పేరు ఉండదు. అందుకే సూపరింటెండెంటు రాతపూర్వక అనుమతి, అంగీకార పత్రంలో ఆపరేషన్ చేసేవారిగా ఆమె పేరు, కేస్ షీట్‌లో ఆమె సంతకం, మత్తు డాక్టరు పేరు అన్నీ పక్కాగా ఉండాలి. పారితోషికం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. క్రమం తప్పకుండా వచ్చి పనిచేసే ఏర్పాటుగా మారి, దానికి గౌరవ వేతనం కూడా పెడితే లాభదాయక పదవి ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది.

ఏదైనా తేడా వస్తే? అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిలో జరిగిన చికిత్స వినియోగదారుల చట్టం కిందకు రాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. క్రిమినల్ నిర్లక్ష్యం సంగతి వేరు. సభలో మాట్లాడిన మాటలకు, వేసిన ఓటుకు రాజ్యాంగం రక్షణ ఇస్తుంది గానీ ఆపరేషన్ థియేటర్‌లో జరిగినదానికి కాదు. అక్కడ ఆమె అందరిలాంటి డాక్టరే.

పులివెందుల డాక్టరు, ఆరోగ్యశ్రీ

తెలుగునాట డాక్టరు రాజకీయ జీవితం అనగానే ఎవరికైనా గుర్తొచ్చే పేరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి. గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివారు, తిరుపతి రుయాలో హౌస్ సర్జన్‌గా చేశారు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరుతో 70 పడకల ఆసుపత్రి తెరిచారు. 5 ఏళ్ల తర్వాత, 1978లో, అదే పులివెందుల నుంచి శాసనసభకు వెళ్లారు. 1980-83 మధ్య మంత్రి, 1989 నుంచి వరుసగా 4 సార్లు కడప ఎంపీ, 1999లో మళ్లీ అసెంబ్లీకి వచ్చి ప్రతిపక్ష నేత, 2004 మే 14 నుంచి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించేవరకు ముఖ్యమంత్రి. శాసనసభకు గానీ లోక్‌సభకు గానీ పోటీ చేసిన ఏ ఎన్నికలోనూ ఓడలేదు.

చాలామంది డాక్టర్ల దారి ఇదే. ముందు ఊళ్లో ఆసుపత్రి, దాని ద్వారా ఊరూరా పరిచయాలు, ఆ తర్వాత టికెట్. సర్జన్ కోడెల శివప్రసాదరావు నరసరావుపేటలో ప్రాక్టీసు చేస్తూ 1983లో తెలుగుదేశంలో చేరారు. అక్కడ 5 సార్లు గెలిచారు, 2014లో సత్తెనపల్లి నుంచి గెలిచి విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కు తొలి స్పీకర్ అయ్యారు. రోగిగా వచ్చినవాడు పాతికేళ్లకు ఓటరుగా కూడా గుర్తుపెట్టుకుంటాడు. ఇంకే వృత్తిలోనూ అంత గట్టి పరిచయం ఏర్పడదు.

వైఎస్ డాక్టరు కావడం విధానంలో ఏం మార్చిందన్నది ఇప్పటికీ వాదనే. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు కలిపి 2 లక్షల దాకా చికిత్స. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకునే కుటుంబాలను ఆయన దగ్గర నుంచి చూశారు కాబట్టే ఇది వచ్చిందని ఒక వర్గం అంటుంది. జ్వరాలు, ప్రసవాలు, బీపీ, షుగరు చూడాల్సిన పీహెచ్‌సీలను వదిలేసి ప్రజాధనాన్ని కార్పొరేట్ ఆసుపత్రులకు మళ్లించారని ప్రజారోగ్య నిపుణులు చాలామంది విమర్శించారు. రెండింటిలోనూ నిజం ఉంది. పేదవాడికి పెద్దాసుపత్రి తలుపు తెరుచుకుంది. చిన్న ఆసుపత్రికి రావాల్సిన శ్రద్ధ తగ్గింది.

డాక్టర్ ఎమ్మెల్యేల కథలో ఆరోగ్యశ్రీకి ఇంకో స్థానం ఉంది. అంతకుముందు ప్రైవేటు నర్సింగ్ హోం యజమానికి సర్కారుతో డబ్బు లావాదేవీలు అంతగా ఉండేవి కావు. ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ యజమానికే సర్కారు పెద్ద ఖాతాదారు అయింది.

ఆరోగ్యశ్రీ ఆసుపత్రి ఉంటే పదవి పోతుందా?

ప్రజాప్రాతినిధ్య చట్టంలో 9ఏ సెక్షన్ ఉంది. తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకులు సరఫరా చేసే, లేదా ప్రభుత్వం చేపట్టిన పనులు చేసిపెట్టే కాంట్రాక్టు ఉన్నంతకాలం ఆ వ్యక్తి అనర్హుడు. ఇక్కడ చూడాల్సినది 'సరుకులు', 'పనులు' అన్న రెండు మాటలనే. 1951లో చట్టం చేసినప్పుడు 'సేవలు' కూడా ఉండేది. 1958 సవరణలో ఆ మాట పోయింది. వైద్యం సేవ కాబట్టి, అక్షరాలా చదివితే ఆరోగ్యశ్రీ ఒప్పందం 9ఏ కిందకు రాదన్నది ఒక వాదన. పైగా ఒప్పందం ఉన్నది ఆరోగ్యశ్రీని నడిపే ట్రస్టుతో, నేరుగా ప్రభుత్వంతో కాదు. ఆసుపత్రి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కాంట్రాక్టు కంపెనీది, డాక్టరుది కాదు.

రెండో వాదన కూడా తేలికైనది కాదు. ట్రస్టు నడిచేది ఖజానా డబ్బుతోనే, దాన్ని నడిపేదీ ప్రభుత్వమే. వైద్యంతో పాటు స్టెంట్లు, ఇంప్లాంట్లు, మందులు కూడా ఆసుపత్రి ఇస్తుంది, అవి సరుకులే కదా అని అడగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, సెక్షన్ ఉద్దేశం ప్రభుత్వం దగ్గర డబ్బు పుచ్చుకునేవాడు ప్రభుత్వాన్ని నిలదీయలేడన్నదే. అయితే అనర్హత నిబంధనలను కోర్టులు సాగదీసి చదవవు, రాసినంతవరకే చదువుతాయి. అందుకే మొదటి వాదనకే బలం ఎక్కువని నా అంచనా.

ఒక ఉదాహరణ. 50 పడకల ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ కింద ఈ ఏడాది 2 కోట్ల బిల్లులు అయ్యాయి, 1 కోటి 20 లక్షలు ఇంకా రాలేదు అనుకుందాం. ఆసుపత్రి ఆరోగ్యశ్రీ ఒప్పందం నుంచి వైదొలిగి, చేయాల్సిన చికిత్సలన్నీ పూర్తి చేసి ఉంటే, ప్రభుత్వం బాకీ ఉందన్న ఒక్క కారణంతో కాంట్రాక్టు ఇంకా ఉన్నట్టు కాదని 9ఏ వివరణే చెబుతుంది. పదవికి ముప్పు లేదు. కానీ అదే డాక్టరు అసెంబ్లీలో వైద్యశాఖ పద్దు మీద ఓటేస్తారు. తన 1 కోటి 20 లక్షలు ఆ పద్దులోంచే రావాలి. బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేయడం 2025లో రెండు రాష్ట్రాల్లోనూ జరిగింది. అలాంటప్పుడు ఆ ఎమ్మెల్యే ఎవరి తరఫున మాట్లాడుతున్నారో సభలో చెప్పాలని మన చట్టం గట్టిగా అడగదు.

కొంత వెలుగు అఫిడవిట్‌లో దొరుకుతుంది. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26లో తనకు, జీవిత భాగస్వామికి, ఆధారపడినవారికి ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు, భాగస్వామ్య సంస్థలవి, వాటా ఉన్న ప్రైవేటు కంపెనీలవి కూడా రాయాలి. లోక్ ప్రహరి కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితమిది.

మరి మంత్రి అయితే?

మంత్రులకు విడిగా ప్రవర్తనా నియమావళి ఉంది. పదవి చేపట్టే ముందు వ్యాపార ప్రయోజనాలు వెల్లడించాలి, నిర్వహణ నుంచి తప్పుకోవాలి. ప్రభుత్వానికి సరుకులో సేవలో అందించే సంస్థ అయితే వాటాలే వదులుకోవాలి, భార్యకో భర్తకో కాకుండా పెద్దవాళ్లైన ఇతర బంధువులకు బదిలీ చేయవచ్చు. అయితే మామూలు వ్యాపారంలో, మార్కెట్ ధరకో ప్రామాణిక ధరకో అందించే సేవలకు మినహాయింపు ఉంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ధరలు అన్ని ఆసుపత్రులకూ ఒకే పట్టికలో ఉంటాయి కాబట్టి వైద్యమంత్రి ఆసుపత్రి కూడా ఆ మినహాయింపులో దూరిపోవచ్చు. పైగా ఇది చట్టం కాదు, ఉల్లంఘిస్తే చర్య ముఖ్యమంత్రి ఇష్టం.

చట్టానికి కనిపించని చోటు

ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయంలో ఎక్కువగా కదిలే కాగితం సీఎం సహాయ నిధి దరఖాస్తు. ఆధార్, రేషన్ కార్డు, అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, బ్యాంకు ఖాతా వివరాలు జతచేసి, పైన ఎమ్మెల్యే సిఫారసు లేఖ పెడతారు. నిమ్స్ లాంటి చోట ముందే డబ్బుకు హామీ కావాలంటే ఎల్‌ఓసీ అనే హామీ పత్రానికి కూడా అదే లేఖ. డాక్టరు ఎమ్మెల్యే కార్యాలయంలో ఈ పని నిజంగానే బాగా సాగుతుంది. సమ్మరీ చదవగానే ఏ కాగితం తక్కువైందో, ఆ ఆపరేషన్‌కు అంత బిల్లు అవుతుందో కాదో తెలిసిపోతుంది.

కానీ ఆ బిల్లు ఎమ్మెల్యే సొంత ఆసుపత్రిదైతే? వైద్యం చేసింది, బిల్లు వేసింది, ఆ బిల్లుకు సర్కారు సాయం ఇవ్వమని సిఫారసు చేసింది ఒకే మనిషి. నకిలీ బిల్లులతో సహాయ నిధి సొమ్ము కాజేశారంటూ తెలంగాణ సీఐడీ 2024లో పలు ప్రైవేటు ఆసుపత్రుల మీద కేసులు పెట్టింది. బిల్లు నూటికి నూరుపాళ్లు నిజమైనదే అయినా పరిశీలించేవారికి ఎమ్మెల్యే సంతకం ఒక ఒత్తిడే.

ఇలాంటిదే ఇంకొకటి. ప్రైవేటు ఆసుపత్రి రిజిస్ట్రేషన్, స్కానింగ్ సెంటర్ తనిఖీ చూసేది జిల్లా వైద్యాధికారి. ఆ అధికారి బదిలీ విషయంలో స్థానిక ఎమ్మెల్యే మాట ఎంత చెల్లుతుందో అందరికీ తెలుసు. పడకల సంఖ్య, అగ్నిమాపక అనుమతి, జీవ వ్యర్థాల ఒప్పందం ఏదో ఒకటి లేకపోతే మామూలు డాక్టరుకు నోటీసు వస్తుంది. ఎమ్మెల్యేకు ఆ నోటీసు ఇచ్చే అధికారి ఎంత గుండెధైర్యం తెచ్చుకోవాలి! సర్కారు ఆసుపత్రి అభివృద్ధి కమిటీకి చాలాచోట్ల ఎమ్మెల్యేనే ఛైర్మన్. సర్కారు ఆసుపత్రి బాగుపడితే పక్కవీధిలోని తన ఆసుపత్రికి రోగులు తగ్గుతారు. మంచి మనిషైనా ఈ రెండు కుర్చీల్లో ఒకేసారి కూర్చోవడం కష్టమే.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

లాభదాయక పదవి, 9ఏ కాంట్రాక్టు లాంటి అనర్హత గెలిచాక వస్తే పిటిషన్ గవర్నర్‌కు వెళ్లాలి. ఆయన ఎన్నికల సంఘం అభిప్రాయం అడిగి, దాని ప్రకారమే నిర్ణయించాలి. పార్టీ ఫిరాయింపు అయితే స్పీకర్ దగ్గర. తెలంగాణలో డాక్టర్లు తెల్లం వెంకట్రావు, సంజయ్ కుమార్ సహా 10 మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలపై వచ్చిన ఫిరాయింపు పిటిషన్లను 3 నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకర్‌ను ఆదేశించింది. ఆ పేచీకి డాక్టరుతనంతో సంబంధం లేదు. తప్పుడు సర్టిఫికెట్, ప్రకటనలు, చికిత్సలో నిర్లక్ష్యం అయితే రాష్ట్ర వైద్య మండలి. ఏ ఆసుపత్రికి ట్రస్టు ఎంత చెల్లించిందన్నది సమాచార హక్కు కింద అడగవచ్చు, అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఫారం 26లో రాయనిది ఏదైనా ఉంటే బయటపడుతుంది. సొంత ఆసుపత్రి బిల్లుకు సిఫారసు లేఖ లాంటి వాటికి మిగిలింది లోకాయుక్త. ఎమ్మెల్యేలు దాని పరిధిలో ఉన్నారు, కానీ అది విచారించి నివేదిక ఇవ్వగలదే తప్ప తనంతట తాను శిక్షించలేదు.